పెద్ద జనరేటరునకు వెలుపలి రేడియేటరు

గుంటూరు ప్రాంతపు రైతులు మిరపకాయలను శీతల గిడ్డంగులలో నిలువచేయుచున్నారు. కరెంటు పోయినపుడు అచటి చల్లదనమును నిలుపునది డీసెలు జనరేటరే. వేసవిలో ఇంజను కాగి ఆగిపోయినచో సరుకు రంగు చెడును, నష్టము రైతుదే. కావున జనరేటరు కొను సంఘములు దానిని చల్లబరచు ఏర్పాటును గూర్చియు విచారింపవలయునని మా మనవి.

నూనె మండగా పుట్టిన వేడిమిలో సుమారు మూడవ వంతే పనికి వచ్చును. ఇంచుమించు అంతయే పొగతో పోవును. మిగిలినదానిలో పెద్ద భాగమును ఇంజనులో తిరుగు నీరు మోసికొని పోవలయును. గది ఇరుకైనచో రేడియేటరును ఆరుబయట గాలి యాడు తావున నిలిపి, గొట్టములతో ఇంజనునకు కలుపుదురు.

ఇందు ముఖ్యముగా గమనింపవలసినవి అయిదు. మొదటిది, గొట్టములు పొడవైన కొలదిని, వంపులు హెచ్చిన కొలదిని పంపునకు శ్రమ హెచ్చును. కావున గొట్టములు వెడల్పుగా నుండవలయును. రెండవది, రేడియేటరును మిక్కిలి ఎత్తున నిలిపినచో నీటి ఒత్తిడికి ఇంజను సీళ్లు కారును; తయారుచేసినవారు చెప్పిన ఎత్తును మీరరాదు. మూడవది, ఇంజను అదరును గనుక అచట గొట్టమునకు వంగెడు ముక్క నతుకవలయును. నాలుగవది, కాగిన నీరు ఉబ్బుటకును, గాలి వెడలుటకును అన్నిటికంటె ఎత్తున నొక తొట్టి కావలయును. అయిదవది, రేడియేటరు వెలుపల నున్నను ఇంజను వేడిమి కొంత గదిలోనే నిలుచును; గాలిదారులను మూయరాదు.

సభ్యులారా! ఎండవేళ పూర్తి భారముతో కొన్ని గంటలు నడిపించి చూచిన పిదపనే తుది బిల్లు చెల్లింపుడు.