సంగీత విద్యకు ఏ కళాశాల?

లేపాక్షి వీరభద్రాలయమునందలి నాట్యమంటపమును చూడనివారు మన ప్రాంతమున అరుదు. అచ్యుతదేవరాయల కాలము (1529–1542) నాటి ఆ స్తంభములపై బ్రహ్మ మృదంగము వాయించుచున్నాడు. తుంబురుడు వీణ పట్టినాడు. రంభ నృత్యము చేయుచున్నది. భృంగి మూడు కాళ్లతో ఆడుచున్నాడు. అందరును ఒకే సభలోనివారే, కాని ఒక్కొక్కరి విద్య ఒక్కొక్కటి. పిల్లలను సంగీత కళాశాలకు పంపదలచిన పెద్దలు మొదట గుర్తుంచుకొనవలసినది ఈ సంగతియే.

వానలు చాలక వేరుసెనగ ఎండిపోవు సంవత్సరములు మన మెట్టప్రాంతమునకు క్రొత్త కాదు. ఇట్టిచోట ఒక రైతుగాని, దేవాలయములో డోలు వాయించు మేళగాడుగాని బిడ్డను సంగీత విద్యకు పంపవలెనన్నచో అప్పు చేయవలసియుండును, లేదా ఎద్దులను అమ్ముకొనవలసియుండును. కళాశాలను ఎంచుకొనుటలో పొరపాటు జరిగినచో ధనముతోపాటు తిరిగిరాని ప్రాయము గూడ వ్యర్థమగును. ధ్రువపత్రములకై తిరుగు తల్లిదండ్రులు సలహా అడుగునది పంచాయతీ సభ్యులనే. కావున సభ్యులు ఈ క్రింది విషయములను తెలిసియుండుట మంచిది.

బోధించువారెవరు?

కళాశాల పేరుకంటె, భవనముకంటె ముందుగా విచారింపవలసినది గురువును గూర్చి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. విద్యార్థిగా చేరవలెనని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనమును విని, ఆయననే అధ్యాపకునిగా నియమించిరి. ఆ కళాశాలకు కీర్తి వచ్చినది ఇట్టి గురువులవలననే.

అన్ని కళాశాలలలో అన్ని వాద్యములకును అధ్యాపకులు ఉందురని తలపరాదు. గాత్రమునకు పేరున్నచోట మృదంగమునకు గురువు లేకపోవచ్చును. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1959లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో గాత్రము, వీణ, వయొలిన్, మృదంగము మున్నగువానితోపాటు నాదస్వరము, డోలు గూడ నేర్పుదురు. మేళగాని కుమారునికి ఇది ముఖ్యమైన సంగతి. కర్నూలు, విజయవాడ పట్టణములలో ప్రభుత్వ సంగీత కళాశాలలు కలవు. తిరుపతిలోని పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున బాలికలు సంగీతమున ఉన్నత విద్య పొందవచ్చును. దరఖాస్తు పెట్టుటకు ముందే విద్యార్థి స్వయముగా వెళ్లి, తన వాద్యమును బోధించు గురువు ఎదుట వాయించి, ఆయన పాఠము చెప్పు తీరును చూచిరావలెను. ఆ బస్సు ఛార్జీ వృథా కాదు.

సాధనకు వ్యవధి, తిండికి వసతి

సంగీతము వినుటవలన కొంత, సాధనవలన ఎంతో అబ్బు విద్య. వారమునకు ఎన్ని గంటలు గురువు ఎదుట కూర్చుండవచ్చునో, తరగతిలో ఎందరు విద్యార్థులో, వసతిగృహమున వేకువజామున వాయించుకొనుటకు వీలున్నదో లేదో అడిగి తెలిసికొనవలెను. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విజయనగరమున చదువుకొను దినములలో ఇంటింట మధుకరము ఎత్తి ఆకలి తీర్చుకొనిరి. అది ఆయన పట్టుదలకు నిదర్శనమే కాని, మన పిల్లలు అట్టి కష్టము పడవలెననుటకు కాదు. రుసుము తక్కువయని సంతోషించి, భోజన వ్యయమును లెక్కవేయక పంపిన కుటుంబము నడుమనే చిక్కులలో పడును.

పట్టా దేనికి?

సర్టిఫికెట్టు, డిప్లొమా, బి.ఏ., ఎం.ఏ. అన్నియు ఒకటి కావు. ఏ పట్టాతో ఏ ఉద్యోగమునకు అర్హత కలుగునో ముందుగానే తెలిసికొనవలెను. విశ్వవిద్యాలయములలో సంగీతము బోధింపదలచినవారికి ఎం.ఏ. అవసరము. జాతీయ అర్హతా పరీక్షలో సంగీతము గూడ ఒక విషయముగా నున్నది.

కళాశాలలో చేరినగాని సంగీతము రాదనుకొనుట సరికాదు. మన అనంతపురము సీమలోని రాళ్లపల్లి గ్రామమున 1893లో జన్మించిన అనంతకృష్ణశర్మగారు మైసూరులో తెలుగు బోధించుచు జీవించిరి. సంగీతమును బిడారం కృష్ణప్పగారివద్ద అభ్యసించిరి. అన్నమాచార్యుల కీర్తనలకు స్వరములు కూర్చిరి. 1974లో మద్రాసు సంగీత అకాడమీ వారిని ‘సంగీత కళానిధి’ బిరుదముతో సత్కరించినది. జీవనోపాధికి ఒక చదువు, విద్యకు ఒక గురువు అను ఈ మార్గము వానను నమ్ముకొన్న కుటుంబములకు ఆలోచింపదగినది.

పంచాయతీ చేయదగిన సహాయము

కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శాఖవారు 18 నుండి 25 ఏండ్ల వయస్సుగల యువకళాకారులకు గురువువద్ద ఉన్నత శిక్షణకై రెండేండ్లపాటు నెలకు 5,000 రూపాయల వేతనము ఇచ్చు పథకము కలదు. 10 నుండి 14 ఏండ్ల బాలబాలికలకు వేరొక వేతనము కలదు. ఇట్టి ప్రకటనలు వెలువడినప్పుడు వాని గడువును, షరతులను చదివి గ్రామమున చాటించుట, పత్రములు సకాలమున అందునట్లు చూచుట సభ్యులకు కష్టమైన పని కాదు. ఉత్సవములకు బయటి మేళమును పిలిపించునప్పుడు, ఊరిలోని యువకునికి గూడ ఒక గడియ వాయించు అవకాశము కల్పింపవచ్చును. నలుగురి ఎదుట వాయించి నేర్చిన ధైర్యము కళాశాల ప్రవేశపరీక్షలో అక్కరకు వచ్చును.

మన పూర్వులు సంగీతమును రాతిలో నిలిపిపోయిరి. ఆ రాతిని చూడవచ్చు యాత్రికులకు మంటపమును చూపుటతో మన బాధ్యత తీరదు. ఆ మంటపము ప్రక్కనే పెరుగుచున్న బిడ్డ చేతిలోని డోలు మూగవోకుండ చూచుకొనుట గూడ మన బాధ్యతయే.