విమానం ఎన్ని గంటలకు చేరుతుంది?



చాలా ఏళ్ళ కిందట, ఇంటింటా ఫోను లేని రోజుల్లో, మన షోలాపూర్ పూర్వభాగ్‌లో మా సందులోని ఒక మగ్గం పెద్దాయన కాలం చేశారు. కొడుకు దుబాయిలో ఉన్నాడు. రాత్రి 10 గంటలకు అక్కడ విమానం ఎక్కుతున్నానని వీధి చివరి కొట్టుకు కబురు చేశాడు. ఇంటివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టారు. విమానం మూడు గంటలు, ఒంటిగంటకు ముంబయి. అక్కడినుంచి కారులో ఎనిమిది గంటలు, తొమ్మిదికి ఇల్లు. పది దాటాక, ఇక ఆగలేమన్నారు పెద్దలు. కొడుకు వచ్చేసరికి పన్నెండయింది. తండ్రి చివరిచూపు దక్కలేదు. అప్పుడే బి.ఎడ్. ముగించి బడిలో లెక్కలు చెబుతున్న నేనూ అక్కడే ఉన్నాను. ఆ లెక్క సరిచూడలేదు. ఈరోజు మీతో కలిసి చూస్తాను.

మొదటిది దూరం. షోలాపూర్ నుంచి ముంబయికి రైలుదారి 455 కిలోమీటర్లు. ఆకాశంలో తిన్నగా పోతే సుమారు 360. కనుక రైలు, రోడ్డు దూరాలు విమానానికి పనికిరావు. పిల్లల గ్లోబు, ఒక నూలుపోగు తీసుకోండి. భూమధ్యరేఖ చుట్టూ పోగు చుట్టి కొలవండి. 100 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు; అంటే సెంటీమీటరుకు 400. ఇక ముంబయి నుంచి దుబాయికి పోగు బిగువుగా పట్టండి. 4.8 సెంటీమీటర్లు వస్తుంది. 400తో గుణిస్తే 1,920 కిలోమీటర్లు. గోడమీది పటంతో ఈ కొలత కుదరదు. గుండ్రటి భూమిని చదునుగా పరిస్తే దూరాలు మారిపోతాయి.

రెండవది ప్రయాణకాలం. జెట్ విమానానికి గంటకు 800 కిలోమీటర్లు వేసుకుంటే 2 గంటల 24 నిమిషాలు. నేలమీద కదలడానికి, పైకి లేచి దిగడానికి మరో అరగంట కలపండి. దాదాపు మూడు గంటలు. ఇంతవరకు ఆ ఇంటివాళ్ళ లెక్క సరైనదే.

మూడవది గడియారం. భూమి 15 డిగ్రీలు తిరగడానికి ఒక గంట పడుతుంది. మన దేశం గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. దుబాయి గడియారం 60 డిగ్రీల ప్రకారం నడుస్తుంది. తేడా 22½ డిగ్రీలు, అంటే గంటన్నర. టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. అక్కడ రాత్రి 10 అంటే మనకు అప్పటికే పదకొండున్నర. మూడు గంటలు కలిపితే ముంబయిలో తెల్లవారుజామున రెండున్నర. తేదీ కూడా మారింది!

నాలుగవది, దిగిన తరువాత పని. పాస్‌పోర్టు తనిఖీ, సామాను, బయట కారు వెతుక్కోవడం, వీటికి మరో గంటన్నర. నాలుగు గంటలకు బయలుదేరితే, ఎనిమిది గంటల దారికి పన్నెండు అవుతుంది. ఆ అబ్బాయి ఎక్కడా ఆలస్యం చేయలేదు. మనమే మూడు గంటలు మరిచాం.

మీ ఇంటికి ఎవరైనా దూరదేశం నుంచి వస్తుంటే, ఈ నాలుగూ కాగితం మీద రాసి కూడండి. వేళ్ళమీది లెక్కను నమ్మకండి. సెలవు.