ఆవు పేగుకు చేరేదెంత?

జంషెడ్‌పూర్‌లో పాడి పశువుల కొట్టాన్ని ఖటాల్ అంటారు. చుట్టుపక్కల వరి పండే ప్రాంతం కాబట్టి పశువుకు సులువుగా దొరికేది వరిగడ్డే. అందులో ప్రొటీన్ సుమారు 4 శాతమే. లోటు తీరాలంటే చెక్క, దాణా కొనాలి. ఎంత కొంటే చాలు? తొట్టిలో మేతను తూచినంత మాత్రాన ఇది తేలదు.

ఆవు పొట్టలోని నాలుగు అరల్లో మొదటిది రూమెన్. అక్కడి సూక్ష్మజీవులు మేతలోని ప్రొటీన్‌ను చాలావరకు అమ్మోనియాగా విడగొట్టి, దానితో తమ సొంత ప్రొటీన్ తయారుచేసుకుంటాయి. తర్వాత అవే కిందికి కొట్టుకుపోయి ఆవుకు ఆహారమవుతాయి. నోట్లో పడేది వేరు, పేగుకు చేరేది వేరు. అందుకే పరిశోధకులకు పేగు ద్రవం కావాలి.

కొన్నిచోట్ల పశువును వధించాక నమూనా తీస్తారు. ఝార్ఖండ్‌లో 2005 నాటి గోవంశ వధ నిషేధ చట్టం ఆ దారి మూసేసింది. ఎలాగూ అది ఒక్క క్షణపు లెక్కే.

బతికున్న పశువులో అయితే శస్త్రచికిత్స చేసి గొట్టం అమర్చాలి. 1928లో అమెరికాలో షాక్, అమడాన్ రూమెన్‌కు ఇలాంటి కిటికీ పెట్టి జీర్ణక్రియను గమనించారు. పేగు కోసం చిన్నపేగు మొదట్లో ఇంగ్లిష్ ‘టీ’ అక్షరం ఆకారపు గొట్టం పెడతారు. చిక్కేమిటంటే, దానిలోంచి నీరు తేలిగ్గా వస్తుంది, నలిగిన గడ్డి తునకలు వెనకబడతాయి. పైగా పొద్దున వచ్చే ద్రవం, అర్ధరాత్రి వచ్చేది ఒకేలా ఉండవు. అందుకే వేర్వేరు వేళల్లో తీసి కలుపుతారు.

ప్రవాహాన్ని కొలిచే ఉపాయం మాత్రం ముచ్చటైనది. జీర్ణం కాని, పేగు పీల్చుకోని గుర్తు పదార్థాన్ని రోజుకు 10 గ్రాములు ఇస్తున్నామనుకుందాం. పేగు ద్రవంలో అది లీటరుకు 0.1 గ్రాము కనిపిస్తే, రోజుకు 100 లీటర్లు పారుతున్నట్టే. వాగులో ఉప్పు కలిపి ప్రవాహాన్ని అంచనా వేసేదీ ఇలాగే. నీటికి కోబాల్ట్, తునకలకు యిటర్బియం అంటూ రెండు గుర్తులు వాడితే ఆ తునకల చిక్కునూ లెక్కలో సరిదిద్దవచ్చు.

1997లో హుహ్తనెన్ బృందం పేగును కోయకుండా, రూమెన్ కిటికీలోంచే మూడో అరలోకి గొట్టం పంపి ద్రవం పీల్చే పద్ధతిని వివరించింది.

అసలు కోతే లేని దారి మూత్రం. సూక్ష్మజీవుల కేంద్రకామ్లాల్లోని ప్యూరిన్లు జీర్ణమయ్యాక చాలావరకు అల్లంటాయిన్‌గా మూత్రంలో వచ్చేస్తాయి. దాన్ని కొలిచి, పేగుకు ఎంత సూక్ష్మజీవ ప్రొటీన్ చేరిందో అంచనా వేయవచ్చు. ఖటాల్‌లో చేయదగ్గది ఇదొక్కటే. కానీ ఐరోపా ఆవుల కోసం రాసిన సూత్రం మన మూపురపు ఆవులకు యథాతథంగా సరిపోదు, గేదెలకైతే మరీను. సూత్రాన్ని సరిచూడాలంటే కొన్ని పశువులకైనా పేగు గొట్టం పెట్టక తప్పదు. పెద్ద పశువులపై అలాంటి ప్రయోగానికి సంస్థలోని నైతిక కమిటీతోపాటు, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ అనుమతి కూడా కావాలి.