5.4 ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం, చిన్న రైతుకు రుణ సదుపాయం: ఉద్దానం జీడి తోటలు

ప్రభుత్వం, ప్రైవేటు సంస్థ కలిసి ఒక పనిని చేపట్టి, పెట్టుబడిని, బాధ్యతను, నష్టభయాన్ని ఒప్పందం ప్రకారం పంచుకోవడాన్ని ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం అంటారు. వ్యవసాయంలో దీనికి మూడో భాగస్వామి కూడా అవసరం: రైతుల సంఘం. ఎందుకో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉదాహరణతో పరిశీలిద్దాం.

5.4.1 సమస్య స్వరూపం

మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో జీడి ముఖ్యమైన వాణిజ్య పంట. పలాస–కాశీబుగ్గలోని జీడిపప్పు పరిశ్రమలు స్థానిక పిక్కలతోపాటు ఆఫ్రికా దేశాల పిక్కలనూ వాడతాయి. అందువల్ల పరిశ్రమ పక్కనే ఉన్నా రైతుకు బేరమాడే శక్తి తక్కువ. వేసవిలో అందరి పంటా ఒకేసారి చేతికొస్తుంది. అప్పు తీర్చవలసిన రైతు 80 కిలోల బస్తాను ఆనాటి ధరకే అమ్ముకోవాలి. అంటే అతనికి లోపించినది పంట కాదు, ఆగగలిగే వ్యవధి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చింది. కొత్త జీడి మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఏడాదిలో తీర్చవలసిన పంట రుణం ఇటువంటి రైతుకు సరిపోదు. తోట కాపుకొచ్చాక వాయిదాలు మొదలయ్యే దీర్ఘకాలిక రుణం కావాలి.

5.4.2 అందుబాటులో ఉన్న మార్గాలు

(అ) ఉత్పత్తిదారుల కంపెనీ: 2002 కంపెనీల చట్ట సవరణ దీనికి వీలు కల్పించింది. పదిమంది రైతులు కలిసి దీన్ని స్థాపించవచ్చు. 2020 నాటి కేంద్ర పథకం కింద సభ్యుల వాటాధనానికి సమానంగా, ఒక్కొక్కరికి రూ. 2,000 మించకుండా, సంఘానికి రూ. 15 లక్షల వరకు గ్రాంటు లభిస్తుంది.

(ఆ) గిడ్డంగి: వ్యవసాయ మౌలిక వసతుల నిధి (2020) కింద రూ. 2 కోట్ల వరకు రుణంపై ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ కల్పించారు. 2007 గిడ్డంగుల చట్టం ప్రకారం నమోదైన గిడ్డంగి ఇచ్చే రశీదును బ్యాంకులో హామీగా పెట్టవచ్చు.

(ఇ) శుద్ధి యూనిట్: సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల కేంద్ర పథకం యూనిట్ వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా రూ. 10 లక్షలు రాయితీ ఇచ్చేలా రూపొందింది.

5.4.3 పరిమితి

పిక్కలు నిల్వ ఉంచిన కాలంలో ధర పడిపోతే వడ్డీ, నష్టం రెండూ రైతుపైనే పడతాయి. కాబట్టి కనీస కొనుగోలు ధర, తూకం, చెల్లింపు గడువు, తుఫాను నష్టంలో ఎవరి వాటా ఎంత అన్నవి ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ఒంటరి రైతు ఈ షరతులను రాయించుకోలేడు; సంఘం రాయించగలదు. రాయితీ మొత్తాన్ని బట్టి కాక, నష్టభయం ఎవరి భుజాన ఉందో చూసి భాగస్వామ్యాన్ని అంచనా వేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వ్యవసాయ భాగస్వామ్యంలో రైతుల సంఘం ఎందుకు అవసరం?
2. జీడి తోటల పునరుద్ధరణకు స్వల్పకాలిక పంట రుణం ఎందుకు చాలదు?