పన్నెండు కట్లు ఎవరు మారుస్తారు?

మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు. అంటే 18 వారాలు. చేతి నరంలోంచి గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళ్లే సన్నటి గొట్టాన్ని పిక్ లైన్ అంటారు. అది ఉన్నన్నాళ్లూ వారానికోసారి కట్టు మార్చాలి. కీమోకు వెళ్లినప్పుడు ఆరు కట్లు ఆసుపత్రిలోనే మారిపోతాయి. మిగిలేవి 12. గద్వాల నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి రానూ పోనూ దాదాపు 380 కిలోమీటర్లు. ఆ 12 కట్ల కోసమే తిరిగితే 4,500 కిలోమీటర్లు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లకు దూరం కొంత తగ్గినా కూలి పోవడం, తోడుగా ఒకరు రావడం తప్పవు. కట్టు పది పదిహేను రోజులు అలాగే ఉండిపోతే రోగిని తప్పుపట్టలేం. కానీ చర్మం చెడేది అక్కడే.

పారదర్శకమైన పట్టీ గడువు 7 రోజులు. కింద గాజుగుడ్డ పెడితే 2 రోజులే. తడిసినా, అంచు లేచినా గడువు చూడకుండా మార్చాలి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఈ జిల్లాల్లో పట్టీ ఊడడానికి చెమటే చాలు. సీడ్ పత్తి క్రాసింగ్ (పూలకు చేత్తో పరాగసంపర్కం చేసే) పనికి పోయేవాళ్లకైతే దుమ్ము కూడా తోడవుతుంది. చెమటకు నానిన చర్మం తెల్లబడి మెత్తబడుతుంది, పట్టీ లాగితే పై పొర దాంతోపాటే ఊడొస్తుంది. కీమో మందులతో ఆ చర్మం ముందే పొడిబారి ఉంటుంది మరి. పిక్ లైన్ ఉన్న క్యాన్సర్ రోగులపై చైనాలో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పలువురికి పట్టీ జిగురు వల్లే చర్మం దెబ్బతిన్నట్టు తేలింది.

పట్టీ తీశాక 30 నిమిషాలైనా ఎరుపు పోకపోతే అది జిగురు గాయమే. ఎరుపు పట్టీ ఆకారంలో నలుచదరంగా ఉండి దురద పెడితే జిగురో, శుభ్రం చేసే మందో పడలేదని అనుమానించాలి. పట్టీ రకమో మందో మార్పిస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. గొట్టం దిగిన చోట నొప్పి, చీము ఉంటే ఇన్ఫెక్షన్. చెయ్యి వాచి బరువెక్కితే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఈ రెండింటికీ డాక్టరే దిక్కు, పసుపూ నూనే రాసి చూసే వేళ కాదు. కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే తెల్లారేదాకా ఆగకూడదు.

కట్టు మార్చే పద్ధతి చిన్నదే. పట్టీని పైకి లాగకుండా, చర్మానికి ఆనించి మెల్లగా, గొట్టం దిగిన చోటు వైపుకే ఒలవాలి. ఆల్కహాల్‌లో 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ కలిపిన మందుతో 30 సెకన్లు రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీదే పట్టీ వేస్తే ఆ మందే చర్మాన్ని కాలుస్తుంది. తొందరలో ముందుగా పోయేది ఈ ఆరనిచ్చే సమయమే. అందుకే దీన్ని నేను పదే పదే చెబుతాను.

ఇక ఈ కట్టు ఎక్కడ మార్చాలన్నదే ప్రశ్న. పేదలకు ఉచిత వైద్యం అందించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మహబూబ్‌నగర్ ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ అప్పుడు ఆ జిల్లాలోవే. 2023 డిసెంబరులో పథకం పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కీమో కోసం హైదరాబాద్ వెళ్లక తప్పకపోవచ్చు. కట్టు మార్చడానికి మాత్రం శిక్షణ పొందిన ఒక నర్సు, స్టెరైల్ గ్లౌజులు, మందు, పట్టీ చాలు. ఆ 12 కట్లూ ఈ మూడు ఊళ్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే మారాలి, వారంలో ఒక రోజు అందుకోసమే కేటాయించాలి.

ఆ ఏర్పాటు జరిగేలోగా, పెద్దాసుపత్రి నుంచి బయల్దేరే ముందు ఒక కాగితం రాయించుకోండి: లైన్ పెట్టిన తేదీ, చర్మం బయట ఎన్ని సెంటీమీటర్లు ఉంది, ఏ పట్టీ పడలేదు, లైన్‌లోకి సెలైన్ ఎక్కించేటప్పుడు 10 మి.లీ. కంటే చిన్న సిరంజి వాడొద్దని ఒక మాట. ఊళ్లో కట్టు మార్చే నర్సు చేతికి ముందు ఆ కాగితం ఇవ్వండి.