అక్షరాలన్నీ వచ్చాకే పదాలా? చిన్నపిల్లలకు చదువు ఎక్కడ మొదలవుతుంది?

మీ పాపకు నాలుగేళ్లు. నర్సరీలో అ నుంచి ఱ వరకు రాయిస్తున్నారు. పలక మీద గబగబా రాసేస్తుంది, పాటలా అప్పజెప్పేస్తుంది. కానీ పుస్తకంలో ‘తల’ అని చూపిస్తే నోరు మెదపదు. ‘అక్షరాలన్నీ వచ్చు కదా, చదవదేం?’ అని ఇంట్లో అందరికీ కంగారు. ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. పాపలో లోపమేమీ లేదు. అక్షరమాలను వరసగా అప్పజెప్పడం వేరు, కాగితం మీద ఉన్న పదాన్ని పోల్చుకోవడం వేరు.

తెలుగు వాచకాల్లో మొదట కనిపించే ‘అమ్మ’నే చూడండి. అందులో ‘మ’కు మ వత్తు ఉంది. వరస ప్రకారం వెళ్తే వత్తులు నేర్చుకునేది ఎన్నో నెలల తర్వాత. అయినా ఆ పదాన్ని పిల్లలు మొదటి వారంలోనే గుర్తుపడతారు. కారణం, వాళ్లకు ఆ మాట తెలుసు. దాన్ని బొమ్మలాగా మొత్తంగా చూసి పట్టేస్తారు. పిల్లల చదువు మొదలయ్యేది ఇక్కడే. తెలిసిన మాట ముందు, అందులోని అక్షరం తర్వాత.

ఇంగ్లిష్ కార్డులు తెలుగుకు సరిపోవు

ఇంగ్లిష్ మీడియం నర్సరీల్లో ‘సైట్ వర్డ్స్’ కార్డులు ఇస్తుంటారు. అమెరికా విద్యావేత్త ఎడ్వర్డ్ డాల్చ్ 1936లో వేసిన 220 పదాల జాబితా వీటిలో బాగా పేరున్నది. ఇంగ్లిష్‌లో రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి కాబట్టి కొన్ని పదాలను చూపుతోనే గుర్తుపెట్టుకోక తప్పదు. తెలుగులో ఆ బాధ తక్కువ. దాదాపు రాసినట్టే చదువుతాం. మన కష్టం వేరు. ఒక్క ‘క’కే గుణింతంలో పన్నెండుకు పైగా రూపాలు. ఆపైన వత్తులు. అన్నీ కలిపితే రూపాలు కొన్ని వందలు. పైగా వ, ప, ష, స ఒకే పోలికలో ఉంటాయి. ‘మ’, ‘వు’ దగ్గర పెద్దవాళ్లే ఒక్కోసారి తడబడతారు. ఇవన్నీ వచ్చేదాకా పదాలు ఆపితే పిల్లలకు చదువంటే గీతలు గీయడమే అనిపిస్తుంది.

అందుకే కొద్ది అక్షరాలతో ఎక్కువ పదాలు దొరికే దారి చూడాలి. త, ల, క, ప... ఈ నాలుగే తీసుకోండి. తల, కల, పలక, కలప. నాలుగు అక్షరాలకు నాలుగు పదాలు. అట్టముక్కల మీద రాసి అటూఇటూ మార్చి పేర్చమనండి. ‘కల’ ముందు ‘ప’ పెడితే ఏమవుతుందో అడగండి. అది మాట కాదని పిల్లలే నవ్వుతారు. ఆ నవ్వు వచ్చిందంటే చదువుతున్నట్టే.

గుర్తుపట్టారా, ఊహించారా?

బిస్కెట్ ప్యాకెట్ చూసి పేరు చెప్పేస్తే సంబరపడతాం. అక్కడ వాళ్లు చదివింది రంగును కావచ్చు. అదే పేరును తెల్లకాగితం మీద పెన్సిల్‌తో రాసి చూపించండి, తేలిపోతుంది. ‘ఆట’ చూసి ‘ఆవు’ అన్నారా? తిట్టకండి. మొదటి అక్షరం పట్టుకున్నారు, చివరిది చూడలేదు. రెండు పదాలూ పక్కపక్కన పెట్టి ‘చివర ఏముందో చూడు’ అంటే చాలు.

ఇంట్లో పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పిల్లల పేరు, అమ్మ, నాన్న, తాత పేర్లు రాసి తలుపు మీద అంటించండి. కథ చదివేటప్పుడు పదం కింద వేలు పెట్టి కదపండి. పుస్తకాలు కొనాల్సిన పని కూడా లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. మొదటి స్థాయి కథల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. కానీ ఫోన్ పిల్లల చేతికిచ్చి వెళ్లిపోతే లాభం లేదు. పక్కన కూర్చోవాలి. పది నిమిషాలు చాలు.

అంగన్‌వాడీ మీకూ ఉంది

అంగన్‌వాడీ అంటే గుడ్లు, పాలు ఇచ్చే చోటని నగరాల్లో చాలామంది అనుకుంటారు. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ 3-6 ఏళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అందులో భాగమే. ఉచితం, ఆదాయ పరిమితి లేదు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా చూస్తోంది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది. అంగన్‌వాడీల కోసం కేంద్రం 2024లో ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళిక తెచ్చింది. అందులో ఆటకు, మాటకు పెద్దపీట. రాయించడానికి కాదు.

కేంద్రానికి వెళ్తే ‘ఎన్ని అక్షరాలు నేర్పారు’ అని అడగకండి. ఆ ప్రశ్న భయానికే కొన్నిచోట్ల టీచర్లు కథలు పక్కనపెట్టి పలకలు ఇస్తున్నారు. రోజూ కథ చెబుతున్నారా, గోడ మీద పదాలు పిల్లల కళ్ల ఎత్తులో ఉన్నాయా అని చూడండి. నెలకోసారి జరిగే ఈసీసీఈ డేకు తల్లిదండ్రులు వెళ్లొచ్చు, అడగొచ్చు.

ఈ తొందర ఎందుకంటే, తర్వాత సరిచేయడం కష్టం. అసర్ 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో 23.4 శాతం మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు.

అలాగని ఐదేళ్లకు చదవడం లేదని డిస్లెక్సియా అనేయడం తొందరపాటు. ముందు చూపు, వినికిడి చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను ఉచితంగా పరీక్షిస్తాయి. ఈసారి ఎప్పుడొస్తారో టీచర్‌ను అడిగి, ఆ రోజు పిల్లలను తప్పకుండా పంపండి.