విదేశీ ప్రయాణానికి ముందస్తు అనుమతి: శ్రీలంక ఉదాహరణగా ఆన్‌లైన్ దరఖాస్తు

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- పాస్‌పోర్టు, వీసా, ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి, ఈ మూడింటి మధ్య తేడాను వివరించగలుగుతారు.
- శ్రీలంక ప్రయాణ అనుమతికి ఆన్‌లైన్‌లో సొంతంగా దరఖాస్తు చేసుకోగలుగుతారు.
- సందర్శన అనుమతికీ, పని అనుమతికీ ఉన్న తేడా మన ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో చెప్పగలుగుతారు.

2. పరిచయం

కల్లూరులోగానీ, కర్నూలు, కడప చుట్టుపక్కల ఊళ్లలోగానీ ఒక వీధిలో ఎవరైనా డిగ్రీ చదువుతున్నారంటే, ఆన్‌లైన్ ఫారం నింపాల్సి వచ్చినప్పుడు అందరూ వాళ్ల ఇంటికే వస్తారు. హాల్‌టికెట్టు, స్కాలర్‌షిప్పు, ఆధార్‌లో చిరునామా మార్పు వంటి పనుల్లో తప్పు దొర్లితే సాధారణంగా దిద్దుకోవడానికి గడువు ఉంటుంది. విదేశీ ప్రయాణ అనుమతి అలా కాదు. అందులోని తప్పు చాలాసార్లు విమానాశ్రయం కౌంటరు దగ్గరే బయటపడుతుంది. అప్పటికి టికెట్టు డబ్బు పోయినట్టే.

అందుకే ఈ ఫారాన్ని కేవలం ఖాళీలు పూరించే కాగితంగా చూడకూడదు. నేను ఎవరిని, ఎందుకు వస్తున్నాను, ఎన్ని రోజులుంటాను అని ఒక దేశ ప్రభుత్వానికి మీరు రాసి ఇచ్చే వాంగ్మూలం అది. ఈ పాఠంలోని మిగతా విషయాలన్నీ ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉన్నాయి.

3. ముందస్తు అనుమతి అంటే ఏమిటి?

పాస్‌పోర్టును మీ దేశం ఇస్తుంది. మీరు భారత పౌరులని అది చెబుతుంది. వీసాను మీరు వెళ్లే దేశం ఇస్తుంది. తన గడ్డ మీద అడుగుపెట్టడానికి అది ఇచ్చే అనుమతి అది. ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి ఈ రెండో రకానికి చెందినదే. దీన్ని ఈటీఏ అంటారు. రాయబార కార్యాలయానికి వెళ్లకుండా, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోకుండా, కంప్యూటరులోనే దరఖాస్తు, పరిశీలన, ఆమోదం జరిగిపోతాయి.

ఆస్ట్రేలియా 1996లో ఇటువంటి విధానాన్ని ప్రవేశపెట్టింది. అమెరికా 2009 జనవరి నుంచి, వీసా అవసరం లేని దేశాలవారికి కూడా ఇటువంటి ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. శ్రీలంక ఈటీఏ 2012 జనవరి 1న మొదలైంది. మన దేశం కూడా 2014 నవంబరులో విదేశీ పర్యాటకుల కోసం ఆన్‌లైన్ విధానం ప్రారంభించింది.

అయితే ప్రయాణికుడు బయలుదేరక ముందే తనిఖీ చేయాలన్న ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. ఆంగ్లేయుల కాలంలో సిలోన్ తోటల పనికి వెళ్లే దక్షిణ భారత కూలీలను రామేశ్వరం దగ్గరి మండపం శిబిరంలో కొన్ని రోజులు ఆపేవారు. వైద్య పరీక్షలు అయ్యాకే ధనుష్కోటిలో ఓడ ఎక్కనిచ్చేవారు. అంటే సిలోన్ సరిహద్దు తనిఖీ సముద్రానికి ఇవతలే, మన గట్టు మీదే జరిగేది. ఈనాడు ఆ తనిఖీ మీ సెల్‌ఫోను తెర మీద జరుగుతోంది.

4. దరఖాస్తుకు ముందు సిద్ధం చేసుకోవలసినవి

(అ) పాస్‌పోర్టు: శ్రీలంకలో దిగే తేదీ నుంచి కనీసం ఆరు నెలలు చెల్లుబాటులో ఉండాలి. గడువు దగ్గరపడితే ముందు పాస్‌పోర్టు పునరుద్ధరించుకోండి. కర్నూలు, కడపల్లో తపాలా కార్యాలయ పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. కొత్త పాస్‌పోర్టుకు కొత్త నంబరు వస్తుంది. పాత నంబరు మీద తీసుకున్న అనుమతి దానికి సరిపోదు.

(ఆ) ఈమెయిలు: ఆమోదం మెయిలుకే వస్తుంది. నెట్ సెంటరు వారి మెయిలు కాకుండా మీరు తెరవగలిగిన మెయిలే ఇవ్వండి.

(ఇ) బ్యాంకు కార్డు: రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్త కార్డులపై విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు మొదట ఆపి ఉంటాయి. బ్యాంకు యాప్‌లోగానీ, శాఖకు వెళ్లిగానీ ముందుగా తెరిపించుకోవాలి.

(ఈ) సరైన వెబ్‌సైటు: శ్రీలంక వలస శాఖ అధికారిక చిరునామా 'ఈటీఏ డాట్ జీఓవీ డాట్ ఎల్‌కే'. ప్రభుత్వ సైటుకు గుర్తు చివరన ఉండే 'జీఓవీ డాట్ ఎల్‌కే'. వెతికినప్పుడు పైన కనిపించే వాటిలో కొన్ని ప్రైవేటు సైట్లు ఉంటాయి. అవి ఇదే ఫారాన్ని నింపి, అసలు రుసుముపై తమ చార్జీ కలుపుకుంటాయి. కొన్ని పూర్తిగా నకిలీవి.

5. ఫారం నింపే విధానం

ముందుగా పర్యాటకం, వ్యాపారం, ట్రాన్సిట్ అనే రకాల్లో మీకు వర్తించేది ఎంచుకోవాలి. పెళ్లికో, చుట్టాలను చూడటానికో, ఊళ్లు తిరగడానికో వెళ్తే పర్యాటకం. శ్రీలంక మీదుగా మరో దేశానికి పోతుంటే ట్రాన్సిట్. తర్వాత వచ్చే వివరాల్లో తెలుగువారు ఎక్కువగా తడబడేవి మూడున్నాయి.

మొదటిది పేరు. మనం ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాస్తాం. కొందరు ఇంటిపేరుకు ఒక్క అక్షరమే వాడతారు. ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. మీ అలవాటును పక్కనపెట్టి పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అదే చూసి రాయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఇక్కడా పూర్తిగా రాయాలి. పదో తరగతి మార్కుల జాబితాలో ఎలా ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

రెండోది పాస్‌పోర్టు నంబరు. భారత పాస్‌పోర్టు నంబరులో మొదట ఒక ఆంగ్ల అక్షరం, తర్వాత ఏడు అంకెలు ఉంటాయి. కాబట్టి మొదటి స్థానం తర్వాత గుండ్రంగా కనిపించేది సున్నాయే, 'ఓ' అక్షరం కాదు.

మూడోది తేదీలు. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు జారీ తేదీ, గడువు తేదీ పక్కపక్కనే అడుగుతారు. రోజు ముందా, నెల ముందా అన్నది గడి పక్కన చూసి నింపండి.

చివర్లో అవును, కాదు అని జవాబివ్వాల్సిన కొన్ని ప్రశ్నలుంటాయి. మీకు ఇప్పటికే శ్రీలంక నివాస వీసా ఉందా, ప్రస్తుతం అక్కడే ఉన్నారా వంటివి. అర్థం చేసుకోకుండా వీటిపై క్లిక్ చేయకండి. పంపే ముందు మరొకరిని పాస్‌పోర్టు చదవమని, మీరు తెర మీద సరిచూసుకోండి. పంపాక వచ్చే రిఫరెన్సు నంబరు రాసిపెట్టుకోండి. దరఖాస్తు ఏ దశలో ఉందో దానితోనే తెలుస్తుంది.

6. రుసుము, నిబంధనల మార్పు

ఈ పాఠంలో రుసుము ఎంతో ఇవ్వలేదు. దానికి కారణం శ్రీలంక ఇటీవలి అనుభవంలోనే ఉంది. 2023 అక్టోబరులో ఆ దేశం భారత్‌తో సహా ఏడు దేశాలవారికి 2024 మార్చి 31 వరకు రుసుము మినహాయించింది. అప్పుడు కూడా దరఖాస్తు మాత్రం చేసుకోవలసిందే. 2024 ఏప్రిల్‌లో పాత ఈటీఏ స్థానంలో ప్రైవేటు సంస్థలు నడిపే కొత్త విధానం తెచ్చింది. దానిపై విమర్శలు, వ్యాజ్యాలు వచ్చాయి. ఆగస్టులో శ్రీలంక సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేయమంది. సెప్టెంబరు చివర్లో పాత ఈటీఏ మళ్లీ అమల్లోకి వచ్చింది. ఒక్క ఏడాదిలో ఇన్ని మార్పులు!

కాబట్టి నిరుడు వెళ్లొచ్చినవారి మాట మీద ఆధారపడకండి. దరఖాస్తు చేసే రోజున అధికారిక సైటులో రుసుము, నిబంధనలు చదవండి. విమానాశ్రయంలో దిగాక అనుమతి తీసుకోవచ్చని ఎవరైనా చెప్పినా దాన్ని నమ్ముకుని బయలుదేరకండి.

7. ఆమోదం వచ్చిన తర్వాత

పర్యాటక ఈటీఏ సాధారణంగా 30 రోజుల బసకు ఇస్తారు. ఆమోదపత్రంలో పేరు, నంబరు, తేదీలు మళ్లీ సరిచూసి రెండు కాపీలు తీసుకోండి. మీ అనుమతిని మొదట అడిగేది శ్రీలంక అధికారి కాదు. శంషాబాద్‌లోనో, చెన్నైలోనో విమానయాన సంస్థ సిబ్బంది అడుగుతారు. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే తిరిగి తెచ్చే బాధ్యత ఆ సంస్థ మీద పడుతుంది. అందుకే వారు కచ్చితంగా ఉంటారు.

ఈటీఏ ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయమని కాదు. కొలంబో విమానాశ్రయంలో వలస అధికారిదే తుది నిర్ణయం. తిరుగు టికెట్టు, ఖర్చులకు డబ్బు, బస చేసే చిరునామా చూపగలగాలి. మరికొన్నాళ్లు ఉండాలనుకుంటే గడువు ముగియక ముందే పొడిగింపుకు దరఖాస్తు చేయాలి.

8. సందర్శన అనుమతి వేరు, పని అనుమతి వేరు

ఇంతవరకు చెప్పింది చూసిరావడానికి వెళ్లేవారి గురించి. మన ప్రాంతం నుంచి, ముఖ్యంగా కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి, విదేశాలకు వెళ్లేవారిలో ఎక్కువమంది బతుకుతెరువుకు వెళ్తారు. వారు వెళ్లే గల్ఫ్ దేశాల్లో బహ్రెయిన్ కూడా ద్వీప దేశమే. అక్కడ కూడా సందర్శన వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఫారం చూడటానికి ఇలాగే ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది.

1983 నాటి వలసల చట్టం ప్రకారం, ఈసీఆర్ తరగతి పాస్‌పోర్టు ఉన్నవారు బహ్రెయిన్, కువైట్, సౌదీ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే భారత ప్రభుత్వ వలస క్లియరెన్సు తీసుకోవాలి. పదో తరగతి పాసవనివారు సాధారణంగా ఈ తరగతిలోకి వస్తారు. క్లియరెన్సు కోసం ఉద్యోగ ఒప్పందాన్ని ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు చేస్తారు, బీమా చేయిస్తారు. ఈ తరగతి మహిళలకు 30 ఏళ్లు నిండి ఉండాలన్న నియమం కూడా ఉంది. అయితే పనికి కాకుండా చూసిరావడానికి వెళ్లేవారికి ఈ క్లియరెన్సు అక్కర్లేదు. దళారులు వాడుకునే సందు ఇదే. 'ముందు విజిట్ మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం' అంటారు.

అలా వెళ్లిన మనిషి పేరు మీద నమోదైన ఒప్పందం ఉండదు, బీమా ఉండదు. జీతం ఇవ్వకపోతే చూపించడానికి కాగితం ఉండదు. పైగా సందర్శన అనుమతి మీద పనిచేయడం ఆ దేశంలో నేరం. ఫిర్యాదు చేయాల్సిన మనిషే దాక్కోవలసి వస్తుంది.

మీరు డిగ్రీ విద్యార్థులు కాబట్టి ఈసీఆర్ నిబంధన సాధారణంగా మీకు వర్తించదు. కానీ ఫారం నింపమని మీ దగ్గరకు వచ్చే పిన్నికో, పక్కింటి అక్కకో వర్తించవచ్చు. అప్పుడు 'ప్రయాణ ఉద్దేశం' గడి దగ్గర ఆగి, నిజంగా ఎందుకు వెళ్తున్నారో అడగండి. పనికైతే ఆ ఫారం నింపకండి. ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉన్నాడో లేదో ఆ పోర్టల్‌లోనే చూసి చెప్పండి. నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము రూ.30,000, దానిపై జీఎస్‌టీ మాత్రమే. అంతకు మించి అడిగితే అనుమానించాల్సిందే.

9. సారాంశం

ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి ఒక దేశం ముందుగా ఇచ్చే షరతులతో కూడిన సమ్మతి. అధికారిక సైటులో, పాస్‌పోర్టులో ఉన్నట్టే వివరాలు ఇచ్చి, సొంత మెయిలుతో దరఖాస్తు చేయాలి. రుసుము, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజునే సరిచూడాలి. అనుమతిలో రాసిన ఉద్దేశానికి మాత్రమే అది చెల్లుతుంది. పనికి వెళ్లే మనిషికి సందర్శన అనుమతి రక్షణ ఇవ్వదు.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాస్‌పోర్టుకూ, ఈటీఏకూ తేడా ఏమిటి?
2. తెలుగు పేర్లు గలవారు ఫారంలో పేరు రాసేటప్పుడు పాటించవలసిన నియమం ఏది?
3. ఈటీఏ ఉన్నా ప్రవేశం నిరాకరించే అవకాశం ఎందుకు ఉంటుంది?
4. మీ వీధిలో ఒకరు ఇంటిపని కోసం బహ్రెయిన్‌కు విజిట్ వీసా ఫారం నింపమని అడిగారనుకోండి. వారికి మీరు ఏమి చెబుతారు? 15 వాక్యాల్లో రాయండి.